ఆటలో దర్శకుడి కొలువు: పుదుచ్చేరి వెలుతురులో ఒక గేమ్ లెక్క

2011 జనవరి 18న పుదుచ్చేరి ముత్యాలపేటలోని హోలీ రోజరీ చర్చిలో 'లైఫ్ ఆఫ్ పై' షూటింగ్ మొదలైంది. దర్శకుడు ఆంగ్ లీ, ఆయన యూనిట్ ఆ నెలాఖరు దాకా పట్టణంలోనే పనిచేశారు. ఇక్కడి బొటానికల్ గార్డెన్‌ను కథలోని జంతు ప్రదర్శనశాలగా మార్చుకున్నారు. తర్వాత మున్నార్, అక్కడి నుంచి తైవాన్. తైవాన్‌లో అయిదున్నర నెలలు పట్టింది. తైచుంగ్‌లోని ఒక విమానాశ్రయంలో 17 లక్షల గ్యాలన్లు పట్టే తొట్టె కట్టి, అందులో అలలు పుట్టించి సముద్రాన్ని తీశారు. సినిమా 2012 నవంబరులో విడుదలైంది. మొదటి క్లాప్‌కీ విడుదలకూ మధ్య 22 నెలలు గడిచాయి.

ఈ 22 నెలలను ఒక గేమ్‌లో ఆటగాడి చేతికి ఇవ్వాలంటే ఏం చేయాలి? అడగడం తేలికే. 'ది సిమ్స్' లాంటి లైఫ్ సిమ్యులేషన్ గేమ్‌లు తయారుచేసేవారికి మాత్రం రెండు దశాబ్దాలుగా ఇది పూర్తిగా తెగని ముడి. ఆ గేమ్‌లలో మన బొమ్మ మనిషి వండుకుంటాడు, నిద్రపోతాడు, ఉద్యోగానికి వెళ్తాడు, పెళ్లి చేసుకుంటాడు. వైద్యుడు, డిటెక్టివ్, నటుడు... ఏ పనిలోనైనా మనమే అతన్ని దగ్గరుండి నడిపించవచ్చు. దర్శకుడి దగ్గరికి వచ్చేసరికి చిక్కు పడుతుంది.

మొదటి చిక్కు కాలంతో. 'ది సిమ్స్'లో మామూలు వేగంలో మన ఒక సెకను వాళ్లకు ఒక నిమిషం. అంటే వాళ్ల రోజు మన 24 నిమిషాల్లో అయిపోతుంది. ఈ లెక్కన 'లైఫ్ ఆఫ్ పై' తొలి షాట్ నుంచి విడుదల దాకా ఆడాలంటే సుమారు 270 గంటలు కావాలి. ఒక్క సినిమాకు అంత సేపు ఎవరూ కూర్చోరు. కాలాన్ని కుదించక తప్పదు. ఏ రోజులను వదిలేయాలి, ఏ రోజులను ఆడించాలి అన్నదే అసలు రూపకల్పన.

ఫ్రిజ్ పిలుస్తుంది, కెమెరా పిలవదు

1991లో అమెరికాలోని ఓక్లాండ్ కొండల్లో చెలరేగిన మంటల్లో గేమ్ రూపకర్త విల్ రైట్ ఇల్లు కాలిపోయింది. మళ్లీ ఇల్లు కట్టుకుని, సామాన్లు ఒక్కొక్కటీ కొనుక్కుంటున్నప్పుడు మనిషి బతుకుకు ఏ వస్తువు ఎందుకు కావాలన్న ఆలోచన ఆయనకు పట్టుకుంది. 2000లో వచ్చిన 'ది సిమ్స్'కు మూలం అదే. అందులో ప్రతి బొమ్మ మనిషికీ ఎనిమిది అవసరాలుంటాయి: ఆకలి, సౌకర్యం, శుభ్రత, మూత్రవిసర్జన, ఓపిక, వినోదం, నలుగురితో కలయిక, గది అందం. ప్రతిదీ గంటగంటకూ తరుగుతుంటుంది.

ఆ మనిషికి చాలా తెలివితేటలు ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, తెలివి ఎక్కువగా వస్తువుల్లోనే ఉంది. ఫ్రిజ్ తన చుట్టుపక్కల వారికి 'నా దగ్గరికొస్తే ఆకలి ఇంత తీరుతుంది' అని ఒక అంకెను చాటుతుంది. మంచం ఓపిక అంకెను, టీవీ వినోదం అంకెను చాటుతాయి. బొమ్మ మనిషి తన కొరతలతో వాటిని బేరీజు వేసుకుని ఎక్కువ లాభం ఇచ్చే వస్తువు వైపు నడుస్తాడు. మన బజారులో దుకాణదారులంతా ఒకేసారి కేకలు వేస్తుంటే జేబులో ఉన్నదాన్ని బట్టి ఒక కొట్టు వైపు మళ్లినట్టే ఉంటుంది.

వంటవాడికి ఈ పద్ధతి బాగా కుదురుతుంది, ఎందుకంటే పొయ్యి అతని పని. వైద్యుడికి పరీక్ష బల్ల ఉంది. దర్శకుడి పనిముట్టు ఏది? కెమెరా ఛాయాగ్రాహకుడిది, మైకు శబ్దగ్రాహకుడిది, కత్తెర ఎడిటర్‌ది. దర్శకుడు ముట్టుకునే వస్తువు కుర్చీ ఒక్కటే, అందులోనూ ఎక్కువ సేపు కూర్చోడు. అతని పని ఇతరుల పనిని కదిలించడం, వద్దనడం, సరేననడం.

గేమ్‌ల చరిత్రలో ఈ ఇబ్బంది స్పష్టంగా కనిపిస్తుంది. 2000 నాటి గేమ్‌లో వినోద రంగం ఉద్యోగం పది మెట్ల నిచ్చెన: వెయిటర్‌గా మొదలై సూపర్‌స్టార్ దాకా. పొద్దున కారు వచ్చి ఎక్కించుకుపోతుంది, సాయంత్రం దింపుతుంది. మధ్యలో ఏం జరిగిందో ఆటగాడికి తెలియదు. 2010లో 'ది సిమ్స్ 3'కి వచ్చిన 'లేట్ నైట్' విస్తరణలో సినిమా కొలువు పెట్టి, కొంత పైకెళ్లాక నటన, దర్శకత్వం అని రెండు దారులు చీల్చారు. దర్శకుడు కావచ్చు, కానీ ఆ పని స్టూడియో భవనం గోడల వెనకే జరిగిపోతుంది. 2015లో 'ది సిమ్స్ 4' వైద్యుడు, డిటెక్టివ్, శాస్త్రవేత్తల వెంట ఆటగాణ్ని కూడా పనిచోటికి పంపింది. 2018 నవంబరులో 'గెట్ ఫేమస్' నటుడి వెంట సెట్ మీదికే తీసుకెళ్లింది. మేకప్ వేసుకోవాలి, దుస్తులు మార్చుకోవాలి, సన్నివేశాన్ని జాగ్రత్తగా చేయాలా, తెగించి చేయాలా అని తేల్చుకోవాలి. ఆ సెట్ మీద దర్శకుడు కూడా ఉంటాడు. నటుడు వెళ్లి అతనితో మాట్లాడాలి. కానీ ఆ దర్శకుణ్ని నడిపేది కంప్యూటర్. కుర్చీ కనిపిస్తుంది, అందులో కూర్చునే వీల్లేదు.

నిచ్చెన కాదు, చాలా తలుపుల ఇల్లు

ఉదాహరణకు గేమ్‌లోని పాత్ర ఒక యానాం అమ్మాయి అనుకుందాం. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగు మాట్లాడే ముక్క. పుదుచ్చేరి పట్టణానికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో, గోదావరి ఒడ్డున ఉంది. ఆ అమ్మాయి చదువుకో, పనికో పట్టణానికి వచ్చింది. సినిమా తీయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

తెలుగు సినిమాలో అందరికీ తెలిసిన మెట్లు ఉన్నాయి: క్లాప్ కొట్టే కుర్రాడు, అసిస్టెంట్ డైరెక్టర్, అసోసియేట్, కో-డైరెక్టర్, ఆ తర్వాత డైరెక్టర్. పది మెట్ల నిచ్చెనలో ఇది చక్కగా ఇమిడిపోతుంది. కానీ చరిత్ర అలా నడవలేదు. కె.వి.రెడ్డి సినిమాల్లోకి వచ్చింది కేషియర్‌గా. ఆదుర్తి సుబ్బారావు ఎడిటింగ్ గదిలోంచి, కె.విశ్వనాథ్ వాహినీ స్టూడియో శబ్ద విభాగంలోంచి వచ్చారు. బాపు బొమ్మలు గీస్తూ 1967లో 'సాక్షి' తీశారు. రాజమౌళి ఎడిటర్ కోటగిరి వెంకటేశ్వరరావు దగ్గర పని నేర్చుకుని, టీవీ సీరియల్ చేసి, 2001లో 'స్టూడెంట్ నెం.1'తో వెండితెరకు చేరారు.

కంప్యూటర్ శాస్త్రం భాషలో చెప్పాలంటే ఇది వరుస జాబితా కాదు, గ్రాఫ్. స్థానాలు చుక్కలు, మారే అవకాశాలు వాటిని కలిపే గీతలు. ఒక్కో గీతకు ఒక్కో షరతు ఉంటుంది. ఎడిటింగ్ గది నుంచి వచ్చిన పాత్రకు షాట్ల లెక్క ముందే తెలుసు, నటులతో మాట్లాడే నేర్పు తక్కువ. కేషియర్‌గా వచ్చిన పాత్ర బడ్జెట్ దాటనివ్వదు. ఏ తలుపులోంచి వచ్చిందో దాన్ని బట్టి సెట్ మీద ఆమెకు కనిపించే మీటలే వేరుగా ఉండాలి. ఒకే ఉద్యోగాన్ని నాలుగుసార్లు ఆడినా విసుగు పుట్టకపోవడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం గేమ్ రూపకర్తకు దొరకదు.

ఇరవై అయిదు నిమిషాల బంగారం

ఇక లొకేషన్. పుదుచ్చేరి పాత పట్టణం నిలువు, అడ్డం గీతల గళ్లలా ఉంటుంది. ఒక కాలువ ఫ్రెంచివారి వైట్ టౌన్‌ను తమిళ వీధుల నుంచి వేరుచేస్తుంది. కాలువకు ఇటు పసుపు గోడలు, ఎత్తయిన గేట్లు. అటు వరండా అరుగుల ఇళ్లు. పది నిమిషాల నడకలో రెండు ఊళ్లు. సినిమావాళ్లు ఇక్కడికి వచ్చేది అందుకే. గేమ్ పటం గీసేవారికీ అది వరమే, ఎందుకంటే చిన్న పటంలో రెండు రకాల సెట్లు ఇమిడిపోతాయి.

కానీ ఇక్కడ అసలు వనరు గోడలు కావు, వెలుతురు. సముద్రం తూర్పున ఉంది. బీచ్ రోడ్డు మీది భవనాల ముఖాలకు ఎండ పొద్దున్నే తగులుతుంది; సాయంత్రానికి సూర్యుడు ఊరి వెనక్కి పోయి అవి నీడలో పడతాయి. పైగా 12 డిగ్రీల అక్షాంశం దగ్గర సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు రోజుల్లో ఆరు డిగ్రీల ఎత్తు నుంచి క్షితిజాన్ని తాకడానికి పుదుచ్చేరిలో సుమారు 25 నిమిషాలు పడుతుంది. 49 డిగ్రీల అక్షాంశంలో ఉన్న పారిస్‌లో సూర్యుడు ఏటవాలుగా జారుతాడు కనుక అదే దూరానికి 36 నిమిషాలకు పైగా పడుతుంది. ఛాయాగ్రాహకులు ప్రాణం పెట్టే ఆ బంగారు వెలుగు ఫ్రెంచి రాజధానిలో కన్నా ఫ్రెంచివారి పాత పట్టణంలో పదకొండు నిమిషాలు తక్కువ.

సెకనుకు నిమిషం లెక్కలో ఆ 25 నిమిషాలు 25 సెకన్లు. మౌస్ పట్టుకునేలోపే చీకటి పడుతుంది. అందుకే గడియారం ఎప్పుడూ ఒకే వేగంతో నడవకూడదు. కథాచర్చల నెలలు రెండు నిమిషాల్లో దొర్లిపోవాలి. సాయంత్రపు షాట్ దగ్గర మాత్రం ఆట నెమ్మదించి దాదాపు అసలు కాలానికి రావాలి. నటి సంభాషణ తడబడింది. మళ్లీ తీద్దామా? తీస్తే వెలుతురు పోయి కంటిన్యుటీ దెబ్బతింటుంది. తీయకపోతే తడబాటు సినిమాలో ఉండిపోతుంది. దర్శకుడి ఉద్యోగం అంటే ఏమిటో ఆ అరనిమిషంలో ఆటగాడికి తెలుస్తుంది.

వానను కూడా వదలకూడదు. ఇక్కడ వానాకాలం జూన్‌లో కాదు, ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. నవంబరులో ఔట్‌డోర్ షెడ్యూల్ పెట్టుకున్న ఆటగాడికి గేమ్ ఏమీ చెప్పనక్కర్లేదు, ఆకాశమే చెబుతుంది.

షెడ్యూల్ వేయడం ఆషామాషీ పజిల్ కాదు. ఒక నటుడికి మొదటి రోజు ఒక సన్నివేశం, పదో రోజు ఇంకో సన్నివేశం ఉంటే మధ్య రోజులకూ పారితోషికం లెక్కపడుతుంది. ఆ వృథా ఖర్చు అతి తక్కువ అయ్యేలా సన్నివేశాలను పేర్చడాన్ని చెంగ్, డైమండ్, లిన్ అనే పరిశోధకులు 1993లో గణిత సమస్యగా రాసి చూపారు. సన్నివేశాల సంఖ్య పెరిగేకొద్దీ కంప్యూటర్‌కు కూడా చుక్కలు చూపించే సమస్యల జాతికి చెందింది అది. ఆరు సన్నివేశాలను 720 రకాలుగా పేర్చవచ్చు. పది అయితే 36,28,800. ఇరవై అయితే 19 అంకెల సంఖ్య. కాబట్టి గేమ్‌లో ఆరు చాలు. ఆరింటిలో మంచి వరుస పట్టుకోవడం మనిషి బుర్రకు అందే పని. అందులో ఒకటి బీచ్ రోడ్డు మీద పొద్దున, ఒకటి వర్షంలో అని షరతు పెడితే కాఫీ చల్లారేంత సేపు పడుతుంది. అంతకన్నా ఎక్కువైతే అది ఆట కాదు, ప్రొడక్షన్ మేనేజర్ ఉద్యోగం.

సినిమా బాగుందని ఎవరు చెప్పాలి?

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. సినిమా తీశారు. అది బాగుందా లేదా అని కంప్యూటర్ ఎలా తేలుస్తుంది?

2005లో లయన్‌హెడ్ సంస్థ 'ది మూవీస్' అనే గేమ్ తెచ్చింది. స్టూడియో నడపడంతో పాటు ఆటగాడే బొమ్మ నటులతో చిన్న సినిమా తీసి బయట ప్రపంచానికి చూపించవచ్చు. తారల అనుభవం, సెట్ల కొత్తదనం, సాంకేతిక స్థాయి లాంటివి కూడి ఆట మార్కులు వేసేది. ఆటగాడు అందులో నిజంగా ఏం చెప్పాడన్నది దానికి అర్థం కాదు. అదే ఏడాది పారిస్ శివారుల్లో అల్లర్లు చెలరేగినప్పుడు అలెక్స్ చాన్ అనే ఫ్రెంచి యువకుడు ఈ గేమ్‌తోనే 'ది ఫ్రెంచ్ డెమోక్రసీ' అనే లఘుచిత్రం తీశాడు. దాని మీద ప్రపంచ పత్రికల్లో చర్చ జరిగింది. గేమ్ లెక్కలో మాత్రం అదీ ఒక సినిమా, అంతే.

2012లో వచ్చిన 'గేమ్ దేవ్ టైకూన్' మరో దారి పట్టింది. అక్కడ ఆటగాడు తయారుచేసేది సినిమా కాదు, వీడియో గేమ్. సమీక్షకుల మార్కులు అతని పాత విజయాలతో పోల్చి పడతాయి. నిన్నటి నిన్ను దాటాలి. కొంత న్యాయంగానే అనిపిస్తుంది, కానీ ప్రేక్షకుడు అలా చూడడు.

ప్రేక్షకుడు ఎలా చూస్తాడో శాస్త్రం కొంత కొలిచింది. 2006లో 'సైన్స్' పత్రికలో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ ఒక ప్రయోగం ప్రచురించారు. పెద్దగా ఎవరికీ తెలియని 48 పాటలను 14,341 మంది ముందుంచారు. కొందరికి ఇతరులు ఏం దించుకున్నారో కనపడదు. మిగిలినవారిని ఎనిమిది వేర్వేరు లోకాలుగా విడదీసి, తమ లోకంలోని వారు ఏ పాటను ఎన్నిసార్లు దించుకున్నారో చూపించారు. పాటలు అవే. అయినా ఒక లోకంలో అగ్రస్థానంలో ఉన్న పాట ఇంకో లోకంలో ఎక్కడో కింద ఉండేది. చాలా మంచి పాట అట్టడుగుకు పోవడం అరుదు, చాలా పేలవమైనది పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్నవాటికి ఏమైనా జరగవచ్చు. అంతకు ముందే 1999లో డి వేనీ, వాల్స్ అనే ఆర్థికవేత్తలు 2,000కు పైగా సినిమాల వసూళ్లు పరిశీలించి, పెద్ద తార ఉన్నంత మాత్రాన వసూళ్లకు భరోసా లేదని తేల్చారు.

దర్శకుల జీవితం మీద నేరుగా లెక్కలు కూడా ఉన్నాయి. 2018లో 'నేచర్'లో వచ్చిన అధ్యయనం 6,233 మంది సినీ దర్శకులు, 3,480 మంది చిత్రకారులు, 20,040 మంది శాస్త్రవేత్తల వృత్తి జీవితాలను పరిశీలించింది. ఎక్కువమందికి తమ మంచి పనులన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చే 'ఊపు కాలం' ఒకటి ఉంది. దర్శకులకు అది సగటున అయిదేళ్లకు కాస్త పైన. అది యవ్వనంలో రావచ్చు, చివర్లో రావచ్చు. ఎప్పుడు మొదలవుతుందో ముందే పట్టుకునే గుర్తు వారికి దొరకలేదు. ఆ కాలంలో వాళ్లు ఎక్కువ సినిమాలేమీ తీయలేదు కూడా. 2021లో ఇదే బృందం మరో అడుగు ముందుకేసింది: ముందు రకరకాల కథలు, శైలులు ప్రయత్నించి, తర్వాత ఒకదాని మీద గట్టిగా నిలబడినవారికి ఊపు కాలం మొదలయ్యే అవకాశం ఎక్కువ. ఎప్పుడూ వెతుకుతూ ఉన్నవారికీ, ఎప్పుడూ ఒకే గాటన నడిచినవారికీ ఆ లాభం కనపడలేదు.

గేమ్ రూపకర్తకు ఇది బంగారు గని, కానీ ప్రమాదకరమైనది. నైపుణ్యం పది మెట్లు ఎక్కితే హిట్టు ఖాయం అని పెడితే ఆట హాయిగా సాగుతుంది. కానీ ఆడే పదహారేళ్ల పిల్లకు అది అబద్ధం నేర్పుతుంది. ఆడింది పాతిక గంటలే అయినా, ఓడినవాడికి ప్రతిభ లేదన్న మాట ఆమెకు అలవాటైపోతుంది. అలాగని పాచికలకు వదిలేస్తే ఆటగాడు రెండో ఫ్లాపుకే గేమ్ తీసేస్తాడు. 'సివిలైజేషన్' రూపకర్త సిడ్ మేయర్ 2010లో గేమ్ రూపకర్తల సదస్సులో చెప్పిన అనుభవం ఇదే: మూడుకు ఒకటి లెక్కన తమవైపే మొగ్గు ఉన్న పోరులో ఓడితే ఆటగాళ్లు గేమ్ మోసం చేసిందనుకుంటారు. నాలుగింట ఒకసారి ఓడటం గణితం. కానీ మనసుకు అది పట్టదు.

మధ్యేమార్గం రెండు అంకెలను విడదీసి చూపించడంలో ఉంది. మొదటిది యూనిట్ చేతిలోనిది: ఏ వెలుతురులో తీశారు, ఎన్ని టేకులు, తడబాటును వదిలారా దిద్దారా. ఇది పూర్తిగా ఆటగాడి నిర్ణయాల ఫలితం, ఇందులో పాచిక లేదు. రెండోది హాలు చేతిలోనిది: మొదటి వారం ఎవరు చూశారు, వాళ్లు ఎవరికి చెప్పారు. ఇందులో పాచిక ఉంది, దాన్ని దాచకూడదు. యానాం అమ్మాయి మొదటి సినిమాకు మొదటి అంకె ఎనభై వచ్చి, రెండోది ముప్పయి దగ్గర ఆగిపోవచ్చు. తెర మీద రెండూ పక్కపక్కన ఉంటే ఆమె ఏడవచ్చు, కానీ దేనికి ఏడుస్తున్నదో ఆమెకు తెలుస్తుంది. పరిశోధనలో కనిపించిన ఊపు కాలాన్ని లోపల దాచిన స్థితిగా పెట్టాలి. వేర్వేరు రకాల కథలు రెండు మూడు చేసి, తర్వాత ఒకదానిలో కుదురుకున్న ఆటగాడికి అది తెరుచుకునే అవకాశం పెరగాలి. ఎప్పుడన్నది మాత్రం చెప్పకూడదు.

టైటిల్స్‌లో పేర్లు

'లైఫ్ ఆఫ్ పై' కథకు ఇంకో కొస ఉంది. 2013 ఫిబ్రవరి 24న ఆ సినిమాకు నాలుగు ఆస్కార్లు వచ్చాయి. ఉత్తమ దర్శకుడు ఆంగ్ లీ. తెర మీద కనిపించే పులి చాలా షాట్లలో కంప్యూటర్ బొమ్మే. దాన్ని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు ముంబయితో పాటు హైదరాబాదులోనూ స్టూడియో ఉండేది. అవార్డులకు రెండు వారాల ముందే ఆ సంస్థ అమెరికాలో దివాలా దరఖాస్తు వేసింది. వేడుక జరుగుతున్న హాలు బయట వందల మంది విజువల్ ఎఫెక్ట్స్ కళాకారులు నిరసన తెలిపారు. లోపల ఎఫెక్ట్స్ అవార్డు అందుకున్న బృందం ఆ సంస్థ కష్టాల గురించి చెప్పబోతుండగా సంగీతం మోగించి మైకు ఆపేశారు.

గేమ్‌లో దర్శకుడి విజయాన్ని ఒక్క అంకెగా చూపిస్తే ఆ పులిని చేసినవాళ్లు మాయమవుతారు. దర్శకుడి పనిముట్టు మనుషులే కనుక వాళ్లకూ ఎనిమిది అవసరాలుండాలి. అర్ధరాత్రి దాకా షూటింగ్ పెడితే లైట్‌బాయ్ ఓపిక తరగాలి. జీతం నెల ఆలస్యమైతే గ్రాఫిక్స్ కుర్రాడు తర్వాతి సినిమాకు రాకూడదు. ఆటగాడు మానిటర్ ముందు కూర్చుని ఉండగానే ఇవన్నీ వెనక మెల్లగా కదులుతుండాలి. 'ది సిమ్స్'లో ఫ్రిజ్ తన అంకెను చాటినట్టే ఇక్కడ యూనిట్ మనుషులు తమ అంకెలను చాటుతారు. వినడమా మానడమా అన్నది దర్శకుడి ఇష్టం.

నటుల సంగతి మరీ కఠినం. 2019లో 'నేచర్ కమ్యూనికేషన్స్'లో వచ్చిన అధ్యయనం అంతర్జాతీయ సినిమా సమాచార కోశంలోని లక్షల మంది నటీనటుల వృత్తి జీవితాలను చూస్తే దాదాపు 70 శాతం మందికి అది ఒక్క ఏడాదితో ముగిసింది. ఒకసారి అవకాశం వచ్చినవారికే మళ్లీ మళ్లీ వచ్చింది. గేమ్‌లో ఆడిషన్ పెట్టినప్పుడు వరుసలో నిల్చున్న పాతిక మందిలో ఎవరిని తీసుకోవాలన్నది ఆటగాడికి చిన్న క్లిక్కు. ఆ పాతిక మందిలో చాలామందికి అదే చివరి ఆడిషన్.

రూపకర్త ఇక్కడ ఒక ఘట్టం పెట్టవచ్చు. యానాం అమ్మాయి మూడో సినిమా అయ్యాక ఆమె దగ్గర క్లాప్ కొట్టిన అసిస్టెంట్ వచ్చి, 'అక్కా, నా దగ్గర ఒక కథ ఉంది' అంటాడు. వదిలితే అతను వెళ్లి సొంత సినిమా తీస్తాడు, పటంలో ఇంకో దర్శకుడు పుడతాడు. ఆపితే రెండు సినిమాల దాకా ఆమె సెట్ గడియారంలా నడుస్తుంది, ఆ కుర్రాడి వినోదం అంకె మాత్రం సున్నా వైపు జారుతూ ఉంటుంది. నవంబరు దగ్గర పడుతోంది, బీచ్ రోడ్డు సన్నివేశం ఇంకా మిగిలే ఉంది, అతను లేకుండా కాల్‌షీట్ వేసేవాళ్లు యూనిట్‌లో ఎవరూ లేరు.